తూర్పు విమానం, నల్ల మందారం

మా ఓనరుగారికి ఒక మంత్రం ఉంది. "తూర్పుకెళ్తే కలుపు, పడమరకెళ్తే తీసెయ్." విమానం టికెట్ల ఆఫీసుని ఇరవై ఏళ్లుగా దాంతోనే నెట్టుకొస్తున్నారు. చేతిగడియారం ముల్లు తిప్పుకోవడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. ప్రయాణం గంటలు కూడా ఆయన దాంతోనే లెక్కకట్టేస్తారు, అదీ గొడవ.

ఆ రోజు కౌంటరు ముందు కూర్చున్నది మా వదిన. ఏడేళ్లు తంటాలు పడి, దాదాపు నల్లగా కనిపించే మందారాన్ని పూయించింది. ఏడువేల కిలోమీటర్ల అవతల పూల పోటీ. విచ్చిన పువ్వుని కోసి చల్లటి పెట్టెలో పెడితే పన్నెండు గంటలు నిలుస్తుంది, ఆ తర్వాత ముడుచుకుపోతుంది. అక్కడ సాయంత్రం ఏడుకి న్యాయనిర్ణేతల ముందుండాలి.

ఓనరుగారు షెడ్యూలు పుస్తకం తెరిచారు. విమానం ఉదయం ఆరుకి ఇక్కడ బయల్దేరి, సాయంత్రం ఆరుకి అక్కడ దిగుతుంది.

"పన్నెండు గంటలు. అక్కడి టైము మనకంటే మూడు గంటలు ముందు. తూర్పు కదా, కలిపితే పదిహేను. వద్దులేమ్మా, పువ్వు దారిలోనే ముడుచుకుంటుంది."

వదిన మొహం చిన్నబోయింది. పోటీ ఫారం మడిచి బ్యాగులో పెట్టుకోబోయింది. నాకు ఒళ్లు మండింది. ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయినా ఊరుకోలేకపోయాను.

"ఏడువేల కిలోమీటర్లకి పదిహేను గంటలా? అది విమానమా, ఎడ్లబండా సార్?"

"ఇరవై ఏళ్లుగా చేస్తున్నానమ్మా ఈ పని."

"ఒక్కటి చెప్పండి. వదిన అక్కడ ఆరుకి దిగినప్పుడు మన గోడగడియారంలో ఎంతవుతుంది?"

"మూడు."

"పొద్దున్న ఆరుకి ఇక్కణ్ణించి ఎగిరింది. మధ్యాహ్నం మూడుకి ఎన్ని గంటలు?"

ఆయన వేళ్లు మడిచారు. ఒక చెయ్యి అయిపోయి రెండోది మొదలైంది. తొమ్మిది దగ్గర ఆగిపోయారు.

"అందుకా," అన్నారు, "తూర్పుకెళ్లినవాళ్లంతా ముందే దిగామని నాకు థాంక్స్ చెప్పేవాళ్లు. పైలట్లు మంచివాళ్లనుకున్నాను."

ఎక్కడానికి ముందు గంటన్నర, దిగాక గంట కలిపినా పదకొండున్నరే. టికెట్టు ఆయనే స్వయంగా కొట్టిచ్చారు.

పోటీ రోజు మధ్యాహ్నం మూడు నుంచీ నాకు పని మీద మనసు లేదు. లెక్క నాది. తప్పయితే వదిన ఏడేళ్ల శ్రమా నా పుణ్యాన బూడిదలో పోసిన పన్నీరే. ఓనరుగారు కూడా కుర్చీ తెచ్చుకుని నా టేబులు పక్కనే కూర్చున్నారు. నాలుగున్నరకి ఫోను మోగింది.

"పెట్టె తీసేసరికి రెక్క కూడా వాలలేదే," అంది వదిన. "మొదటి బహుమతి మనదే."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. ఆఫీసంతా వినపడేలా చెప్పాను. ఓనరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"అంటుకొమ్మ ఇమ్మని ముగ్గురు నా వెంట పడుతున్నారు," అంది వదిన. "మా ఆయన్ని అడగాలని చెప్పాను."

"అన్నయ్యనెందుకు అడగడం?"

"ఆ మొక్క పీకి పారెయ్యమని ఏడేళ్లుగా పోరుతున్నది మీ అన్నయ్యేగా. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్తాడో చెప్పమను."