గాజుల మొగ్గ, చువ్వల మొగ్గ

నేనేం చెప్పినా అందులో ముప్పావు వంతు తీసేసి వినమని మా ఆవిడ అందరికీ చెబుతుంది. ఈ కథలో మాత్రం తీసెయ్యడానికి ఏమీ లేదు. ఇందులో నేను వెధవనయ్యాను కాబట్టి, కోతలు కొయ్యాల్సిన అవసరం రాలేదు.

మా సినిమా హాల్లో తెర వెనక రెండు కొమ్ము స్పీకర్లు ఉండేవి. ఒక్కోదాంట్లో దూడ పడుకోవచ్చు. పడుకుంది కూడా, అది వేరే కథ. కొమ్ము మొదట్లో గుమ్మడికాయంత ఇనప డ్రైవరు ఉంటుంది. దాని లోపల పలచని రేకు పొర వణికితే శబ్దం పుడుతుంది. పొర అంచున పుట్టింది ముందూ, నడుమ పుట్టింది వెనకా వచ్చాయంటే సన్నని శబ్దాలు ఒకదాన్నొకటి మింగేసి, మాట ముద్దయిపోతుంది. అన్నీ కలిసి ఒకేసారి గడప దాటడానికి పొర ముందు చీలికలున్న దిమ్మ ఒకటి పెడతారు. పుస్తకాల్లో దాన్ని ఫేజ్ ప్లగ్ అంటారు. మేము మొగ్గ అంటాం.

నేను చూసుకునే డ్రైవరు మొగ్గలో చీలికలు ఒకదానిలో ఒకటి గాజుల్లా ఉంటాయి. రెండో డ్రైవరులో నడుమ నుంచి సైకిలు చువ్వల్లా చీలి ఉంటాయి. ఆ రెండోదాన్ని చూసుకునేవాడు మా ఆవిడ తమ్ముడు. ముప్పై ఏళ్లు ఇద్దరం ఆ హాల్లోనే పనిచేశాం. ఏ మొగ్గ గొప్పదన్న గొడవ కూడా ముప్పై ఏళ్లదే.

"నా గాజుల మొగ్గలోంచి తెరమీద అగ్గిపుల్ల గీస్తే, చివరి వరసలో ముగ్గురు లేచి కిటికీలు తెరిచారురా," అనేవాణ్ణి.

"నా చువ్వల మొగ్గలోంచి హీరోయిన్ నిట్టూరిస్తే, ముందు వరసలో ఒకాయన టోపీ ఎగిరిపోయింది బావా. ఇంకా దొరకలేదు," అనేవాడు.

హాలు మూతపడి ఎనిమిదేళ్లయింది. ఎవరి డ్రైవరు వాళ్లం ఇంటికి తెచ్చుకుని, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాం. ఈ మధ్య ఒక మేనేజరమ్మాయి హాలును మళ్లీ తెరవడానికి వచ్చింది. మమ్మల్ని పిలిచి, డ్రైవర్లు బిగించమంది.

"తాతగారూ, శనివారం పొద్దున ఒక్కో కొమ్ములోంచి ఇరవై మాటలు చదువుతాను. చివరి వరసలో కూర్చున్నవాళ్లు పదహారైనా రాయగలిగితే ఆ కొమ్ము ఉంటుంది. లేకపోతే మధ్యాహ్నం పాతసామాన్ల బండి వస్తుంది. నాకూ ఇష్టం లేదు, కానీ మాట వినపడని హాలుకి ఎవరొస్తారు?"

చివరి వరసలో మా ఆవిడ కూర్చుంది. ముప్పై ఏళ్లు టికెట్ల కిటికీ దగ్గర కూర్చుని, ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడకుండా, అన్ని సినిమాలూ గోడ అవతలి నుంచి విన్న మనిషి. నేను పెరట్లో గొణిగితే వీధిలోంచి జవాబు చెబుతుంది. చెవుల గురించి దిగులు లేదు.

నా దిగులు వేరే ఉంది. ఎనిమిదేళ్ల కిందట, హాలు మూసే ముందు, ఏ మొగ్గ గొప్పదో తేల్చేద్దామని నేనూ బావమరిదీ పందెం వేసుకున్నాం. నా మొగ్గ వంపును నా పొరకు సరిపోయేటట్టు ఏళ్ల తరబడి రుద్ది పెట్టుకున్నాను. అది వాడి డ్రైవరులో పెడితే గొంతు పట్టేస్తుంది. వాడిది ఎవరూ చెయ్యి పెట్టని మొగ్గ, నా దాంట్లో ఇట్టే ఇమిడిపోతుంది. అలా లెక్కవేసి, పందేనికి ముందురోజు మొదటి ఆట ఇంటర్వెల్లో తెర వెనక చీకట్లో తడుముకుంటూ రెండూ మార్చేశాను. మర్నాడు కరెంటు పోయింది, పందెం జరగలేదు, హాలు మూతపడింది.

శనివారం పొద్దున ఆ సంగతి చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"ఏం బావా, భయమేస్తోందా?" అన్నాడు వాడు.

నోరు మూసుకున్నాను.

మేనేజరమ్మాయి మైకులో చదివింది. నా కొమ్ముకి మా ఆవిడ ఏడు మాటలు రాసింది. వాడి కొమ్ముకి ఆరు. మిగతావన్నీ ఖాళీ గీతలే.

"దుప్పట్లో దూరి మాట్లాడినట్టుంది," అంది మా ఆవిడ. గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. ఆ అమ్మాయి తల వంచుకుంది.

నా కొమ్ము కూడా పోతుందని కలలో కూడా అనుకోలేదు. "ఆగమ్మా," అన్నాను. "తప్పు నాది. పందేనికి ముందురోజు మొగ్గలు మార్చేశాను. వాడి కొమ్ములో ఉన్నది నాది."

బావమరిది నన్ను మింగేసేలా చూశాడు. తర్వాత మెడ గోక్కున్నాడు. "నేనూ మార్చాను బావా. ఆ రోజే, రెండో ఆట ఇంటర్వెల్లో. చీకట్లో ఏది ఏదో చూడలేదు. నా మొగ్గని కూడా రుద్ది పెట్టుకున్నాలే."

ఇద్దరం మారిస్తే ఎక్కడివక్కడికే చేరాలి. మరి ఈ దుప్పటి గొంతేమిటి?

మా ఆవిడ కలం మూత పెట్టింది. "ఆ రోజు మీరు స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని తెర వెనక్కి వెళ్లే మెట్లెక్కడం కిటికీలోంచి చూశాను. నా తమ్ముడికి అన్యాయం జరగకూడదని, చివరి ఆట ఇంటర్వెల్లో వెళ్లి ఆ చీకట్లోనే మళ్లీ మార్చేశాను. మీకు అన్నేళ్లు స్క్రూలు అందించినదాన్ని, ఆమాత్రం రాదా?"

"అక్కా! నన్ను కాపాడావా, ముంచావా?"

"నువ్వు కూడా ఈయన బాపతేనని నాకేం తెలుసురా!"

మేనేజరమ్మాయి నవ్వు ఆపుకోలేక మైకు కింద పెట్టేసింది. "బండివాణ్ణి అరగంట ఆగమంటాను. కానివ్వండి."

డ్రైవర్ల మూతలు విప్పాం. పొరలు తీశాం. వాడి దాంట్లోంచి గాజుల మొగ్గ, నా దాంట్లోంచి చువ్వల మొగ్గ బయటికొచ్చాయి. వాడి మొగ్గను మొదటిసారి అరచేతిలో పెట్టుకుని చూశాను. అద్దంలా ఉంది.

"దేంతో రుద్దావురా?"

"గరుకు కాగితంతో. మూడు వేసవులు పట్టింది. నీది?"

"రెండు," అన్నాను. నిజానికి నాలుగు.

ఎవరి మొగ్గ వాళ్ల డ్రైవరులో పెట్టాం. వాడు టార్చి పట్టుకుంటే నేను బిగించాను, నేను పట్టుకుంటే వాడు బిగించాడు. ముప్పై ఏళ్లలో అలా ఎప్పుడూ చెయ్యలేదు. మొగ్గకీ పొరకీ మధ్య పోస్టుకార్డు మందం సందు మిగిలింది, అంతే ఉండాలి.

ఆ అమ్మాయి కొత్త మాటలు చదివింది. ఈసారి ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఆఖరి వరసలో మా ఆవిడ కలం ఆగకుండా నడిచింది.

"ఒక కాగితంలో పద్దెనిమిది, ఒకదాంట్లో పంతొమ్మిది!" అంది మేనేజరమ్మాయి. "రెండు కొమ్ములూ ఉంటాయి."

బండి ఖాళీగా వెళ్లిపోయింది. ఇద్దరం ఒక్కసారే అడిగాం: "పంతొమ్మిది ఎవరిది?"

ఆ అమ్మాయి మా ఆవిడ వంక చూసింది. మా ఆవిడ ఆ అమ్మాయి వంక చూసింది. కాగితాలు రెండూ మడతపడి మా ఆవిడ సంచిలోకి వెళ్లిపోయాయి.

ఆదివారం మొదటి ఆట. చివరి వరసలో మూడు కుర్చీలు మావే. మా ఆవిడ నడుమ కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక సినిమా మొదలు నుంచి చివరిదాకా చూడబోతోంది. ఇంటర్వెల్లో మాత్రం మా ఇద్దర్నీ కుర్చీలోంచి లేవనివ్వనని ముందే చెప్పేసింది. స్క్రూడ్రైవర్లు రెండూ ఆ సంచిలోనే ఉన్నాయి.