అరువు కోటు

తరవాత చర్చివాళ్లు పునీతుడని బొమ్మ పెట్టారు గానీ, బతికున్నన్నాళ్లూ ఆ వీధి ఆయన్ని "ఇచ్చేశాగారు" అనే పిలిచింది. చెప్పులేవయ్యా అంటే, ఇచ్చేశా. దుప్పటేది అంటే, ఇచ్చేశా. మంచం లేదన్నవాడికి ఒకసారి తన గది తలుపే ఊడదీసి ఇచ్చాడు. ఆ రాత్రి దొంగ వచ్చి, గదంతా కలయజూసి, జాలిపడి, తన చాప వదిలి వెళ్లాడు. తెల్లారేసరికి అదీ లేదు.

ఇదంతా భరించింది అక్క. ఆవిడ పక్క గదిలోనే బట్టలు కుట్టేది. తమ్ముడికని కుట్టిన చొక్కాలు తొడుక్కుని సగం వీధి ఆవిడ గుమ్మం ముందునుంచే దర్జాగా నడిచేది. కొందరైతే గుండీ ఊడిందని తెచ్చి, ఆవిడచేతే వేయించుకునేవారు.

ఆ చలికాలం మాత్రం వ్యవహారం నవ్వులాటగా లేదు. గోడవతల తమ్ముడు దగ్గినప్పుడల్లా అక్క సూది ఆగిపోయేది. "ఒంటిమీద వెచ్చటి బట్ట నిలవకపోతే ఈ చలి దాటడమ్మా," అని డాక్టరు తేల్చేశాడు.

అక్క మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి, లోపల దూది దట్టించి, కోటు కుట్టింది. ఎవరూ అడక్కూడదని కావాలనే వికారంగా కుట్టింది. దాన్ని చూసి వీధికుక్క మొరగబోయి, మనకెందుకొచ్చిన గొడవని మానుకుంది.

"ఇదిగో, ఇది నీకివ్వట్లేదు," అంది తొడుగుతూ. "కోటు నాది. అరువిస్తున్నా, అంతే. పరాయి సొమ్ము తీసుకెళ్లి పంచిపెడితే దాన్నేమంటారు?"

తమ్ముడు రెండో చెయ్యి కూడా దూర్చాడు. "దొంగతనం."

"చెయ్యొచ్చని ప్రభువు చెప్పాడా?"

"వద్దన్నాడక్కా."

"అయితే గుండీలు పెట్టుకో."

వారమైనా కోటు తమ్ముడి ఒంటిమీదే ఉంది. దగ్గు తగ్గుముఖం పట్టింది. ఫాదర్‌గారు అద్భుతమన్నారు. "సగం నా సూదిది లెండి," అంది అక్క.

గాలి కోసేస్తున్న ఒక సాయంత్రం, ప్రార్థన అయ్యాక, కోటు వీధి మలుపు తిరిగింది. అక్క చేతిలో కత్తెర జారింది. కోటుకి రెండు తలలున్నాయి. నాలుగు కాళ్లున్నాయి. వాటిలో రెండు ఎడమకీ, రెండు కుడికీ పోదామంటున్నాయి.

"ఏంట్రా ఇది?"

"బొగ్గుల బస్తాలు మోసే మామయ్య, అక్కా. ఒంటిమీద నూలుపోగు లేదు. కోటేమో నీదాయె, ఇవ్వడానికి లేదు. అందుకని లోపలికి రమ్మన్నా."

రెండో తల మర్యాదగా వంగింది. దాంతో మొదటిదీ వంగక తప్పలేదు. "బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు మామయ్య. "మీవాడి మోచెయ్యే కాస్త పొడుస్తోంది."

అక్క తిడదామని నోరు తెరిచింది. తమ్ముడు దగ్గట్లేదు. మామయ్య వేడికి చెంపల్లో రంగు కూడా వచ్చింది. వాడి దగ్గర ఏ వస్తువైనా ఇన్నాళ్లు నిలవడం ఇదే మొదలు, అదీ ఒక మనిషితో సహా.

"కదలకండి ఇద్దరూ," అని మెడలోంచి టేపు తీసింది.

"ఎందుకక్కా?"

"గుండీలు పట్టట్లేదు. ఇంకో రెండు చేతులు కూడా పెట్టాలి."

తమ్ముడు గొంతు తగ్గించాడు. "కొలత కాస్త వదులుగా తియ్యక్కా. చర్చి మెట్లమీద ఇంకో ఇద్దరున్నారు."

అక్క వాడివంక ఓ చూపు చూసి, కిటికీకున్న పెద్ద పరదా ఊడదీసి, కత్తెర అందుకుంది.

"వాళ్లనీ ఇప్పుడే రమ్మను. కుట్టింది మళ్లీ మళ్లీ విప్పలేను."