మంగ టాకీస్ మెట్ల మీద మైకు

నేను ఒక మైకుని. అవునమ్మా, మైకునే. పెళ్ళి పందిట్లో ప్రతివాడూ ముందు నెత్తిన తట్టి, తర్వాత "హలో హలో" అని ఊదుతాడే, ఆ జాతిదాన్ని. పుట్టిన దగ్గర్నుంచి నన్ను మర్యాదగా పలకరించినవాడు లేడు. చదువు లేదు, కళ్ళు అసలే లేవు, ఉన్నదల్లా ఒక్క చెవి. ఆ చెవిలో పడ్డది మాత్రం ఇవాళ్టికీ ఒక్క ముక్క పోలేదు.

ఒక్క సినిమా కూడా చూడకుండా ముప్పై ఏళ్ళు సినిమాల గురించే మాట్లాడాను. అలా విడ్డూరంగా చూడకండి. నా ముందు నిలబడి మాట్లాడినవాళ్ళలో సగం మంది చేసిందీ అదే.

ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో నా తలకి ఇనప జల్లెడ బిగించారు. బిగిస్తున్న పిల్ల పక్క పిల్లతో ముందురోజు చూసిన సినిమా సంగతి చెప్తోంది. ఆ భాష నాకు తెలీదు. మధ్యలో ఒక ఆవులింత వినిపించింది, దాంతో ఆ సినిమా ఎలా ఉందో తెలిసిపోయింది. నేను విన్న మొదటి టాక్ అదే. తర్వాత విన్న వేలల్లో అంత నిజాయితీ ఉన్నది మళ్ళీ దొరకలేదు.

అక్కణ్ణుంచి రైలెక్కి విజయనగరం వచ్చి, ఇంకా లోపలికి గరివాడ అనే ఊరికి, సత్తిబాబు మైకుసెట్టు కొట్లోకి చేరాను. పెళ్ళిళ్ళు, పేరంటాలు, ఎలక్షన్లు అన్నీ చేశాను. ఖాళీ రోజుల్లో రిక్షా ఎక్కించి ఊరంతా తిప్పేవారు. నరసయ్యని ఒకాయన నన్ను మూతికి ఆనించుకుని "నేడే చూడండి, మీ మంగ టాకీస్‌లో, విజయవంతమైన నాలుగో వారం" అని అరిచేవాడు. అది రెండో రోజు. ఎవరూ అడిగేవారు కాదు. ఆయన నోటికి కిళ్ళీ కంపు, గొంతుకి గంట మోత. నాలుగు వీధులు తిరిగాక ఆయనకే నమ్మకం కుదిరిపోయేది. మనుషుల్లో నేను కనిపెట్టిన మొదటి సంగతి ఇదే. అబద్ధం గట్టిగా చెప్తే, ముందు చెప్పినవాడి చెవిలోనే పడుతుంది.

సరే, అసలు మనిషి దగ్గరికొస్తాను. సన్యాసిరావు. వృత్తికి దర్జీ, ఆడవాళ్ళ జాకెట్లు కుడతాడు. ప్రాణానికి మాత్రం పిడుగు స్టార్ రుద్రదేవ్ అభిమాన సంఘం, గరివాడ శాఖ అధ్యక్షుడు. రుద్రదేవ్ సినిమా వచ్చిన వారం ఊళ్ళో ఏ ఆడదానికీ జాకెట్టు అందదు. ఆయన పెళ్ళాం పైడమ్మ కొట్టు గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకల్లా "మీ జాకెట్టు ఇంటర్వెల్‌లో ఉందమ్మా" అని చెప్పి పంపేది.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. ఏ సినిమా అయినా మొదటాట విడిచాక సన్యాసిరావు మంగ టాకీస్ మూడో మెట్టు మీద నిలబడాలి. గోళీసోడా తాగాలి. నన్ను చేతికివ్వాలి. అప్పుడు ఆయన టాక్ చెప్తాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చెప్పినవి మూడే మాటలు. బాగుంటే "ఆడుద్ది." అంతంతమాత్రమైతే "ఆడించాల." మరీ ఘోరమైతే "దేవుడున్నాడు." సొంత హీరో సినిమాకే ఒకసారి "దేవుడున్నాడు" అనేశాడు. సంఘంలో వాళ్ళు రెండు నెలలు ఆయన మొహం చూడలేదు. ఆ దెబ్బతోనే ఆ మాటకి విలువొచ్చింది. రైతులూ, బడిపంతుళ్ళూ కూడా టికెట్టు కొనే ముందు "సన్యాసిరావేటన్నాడు?" అని అడిగేవారు. ఆ మనిషికున్న ఆస్తంతా ఆ మూడు మాటలే.

కాలం మారింది. సత్తిబాబు కొట్టు మూతపడింది. పాత సామాన్ల బేరంలో నన్ను హేమంత్ అనే ఆయన పట్టుకుపోయాడు. ఫోనులో వీడియోలు పెట్టే ఛానలు ఆయనది. నా మెడకి ఛానలు పేరు రాసిన నాలుగు పలకల డబ్బా తొడిగాడు. తలకి ఎర్ర స్పాంజి టోపీ పెట్టాడు. ముసలిదానికి జడగంటలు కట్టినట్టయింది నా బతుకు.

అప్పట్నుంచి మూడో మెట్టు మీద సన్యాసిరావు ఒక్కడే కాదు, ఊరంతా మాట్లాడ్డం మొదలెట్టింది. ఏం మాటలమ్మా అవి! "ఫస్టాఫ్ డీసెంట్, సెకండాఫ్ లాగ్." అన్ని సినిమాలకీ అదే. ప్రతి సినిమా మొదట్లో బాగుండి చివర్లో సాగితే, తప్పు సినిమాదో పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన కడుపుదో ఆలోచించాలి కదా. ఒకడు వెనక మోగే సంగీతానికి "బీజీఎం వేరే లెవెల్" అంటాడు. ఏ లెవెలు అని అడిగినవాడు లేడు. ఒకడు గూస్ బంప్స్ వచ్చాయంటాడు. ధనుర్మాసంలో తెల్లారుజామున చన్నీళ్ళు పోసుకుని వస్తే ఎవరికి రావు? వేరే హీరో వాళ్ళు టికెట్టు కొని మరీ లోపలికెళ్ళి, నిద్రపోయి, బయటికొచ్చి "రాడ్డు, చెత్త సినిమా" అని చెప్పి పోయేవారు. వాళ్ళని ఏమీ అనలేను. వాళ్ళు కనీసం టికెట్టు కొన్నారు.

ఆ ఏడాది రుద్రదేవ్ సినిమాలు వరసగా మూడు పోయాయి. సంఘంలో సగం మంది ఇంకో హీరో దండులో చేరిపోయారు. నాలుగో సినిమా వచ్చింది. అది పోతే సంఘమే పోతుందని సన్యాసిరావు గుండె పట్టుకున్నాడు. పొద్దున్న ఎనిమిదింటి ఆట. ఏడింటికే మెట్ల మీద డప్పులు, ఈలలు. హేమంత్ ఆయన్ని పక్కకి లాగాడు.

"బాబాయ్, ఆట విడిచేసరికి పదకొండు దాటుతుంది. ఈలోగా పక్క ఊరి ఛానల్ వాడు టాక్ పెట్టేస్తాడు. నువ్వు ఇప్పుడే చెప్పెయ్. నేను లోపలికెళ్ళాక వదుల్తాను."

"ఓరి నీ మొకం మండ! సూడకుండా టాకేటిరా? నా సంగతి ఊరికి తెల్దా?"

"బాగుంటుందని నీకు తెలుసు కదా. పదకొండింటికి చెప్పే మాట ఇప్పుడే చెప్తున్నావ్, అంతే. నీ ఒక్క మాటతో హాలు నిండుతుంది. లేకపోతే ఇదే చివరి సినిమా, సంఘం బోర్డు దించుకోవడమే."

 సన్యాసిరావు చెయ్యి నా మెడ చుట్టూ బిగిసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మూడు మాటలతో సరిపెట్టుకున్నవాడి నోట్లోంచి వరద వచ్చింది.

"ఇంటర్వెల్లో కత్తి ఎత్తుతాడు సూడండి, సీటు మీద కూకోనేరు! కలైమాక్సు ఫైటు ముప్పై మందితో. ముప్పై మందీ గాల్లోనే! ఆడుద్ది కాదు, వంద రోజులు ఆడుద్ది!"

ఆయన చెప్పగానే మిగతావాళ్ళూ ఎగబడ్డారు. ఒకడు "అన్న ఎంట్రీకి కళ్ళంట నీళ్ళొచ్చాయి" అన్నాడు. ఇంకొకడు మరీ బుద్ధిమంతుడు, "సెకండాఫ్ కొంచెం లాగ్" అన్నాడు. చూడని సినిమాలో కూడా వాడికి సెకండాఫ్ సాగింది. దాన్ని నిష్పక్షపాతం అంటారుట.

అందరూ లోపలికెళ్ళారు. హేమంత్ సంచీలో నేనూ వెళ్ళాను. ఎనిమిదయింది, ఎనిమిదిన్నరయింది. తెర మీంచి చప్పుడు లేదు. ఇప్పటి సినిమాలు వెనకట్లా రీళ్ళలో రావు. సినిమా ఒక డబ్బాలో వస్తుంది. దాని తాళం మాత్రం పట్నం నుంచి కంప్యూటర్లో రావాలి. ఆ తాళం రాలేదు. ఆపరేటరు పైనుంచి "తాళం రాలేదండీ, సాయంత్రానికి గానీ పడదు" అని అరిచాడు.

అప్పటికే హేమంత్ వీడియో వదిలేశాడు. హాల్లో రెండొందల ఫోన్లు ఒక్కసారి మోగాయి. ఖాళీ తెర ముందు కూర్చుని, ఆ సినిమా అదిరిపోయిందని చెప్పిన తమ మాటలు తామే వింటున్నారు! నా చెవిలోంచి పోయిన గొంతులు నాకే రెండొందల చోట్ల నుంచి వినిపించాయి. "కత్తి ఎత్తుతాడు సూడండి" అని ఒక మూల, "సెకండాఫ్ కొంచెం లాగ్" అని ఇంకో మూల. ముందు ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు బాల్కనీ ఎక్కి, మెట్లు దిగి, మధ్యాహ్నానికల్లా సంత దాకా పోయింది. సన్యాసిరావు కొట్టు ముందు సైకిళ్ళు ఆగేవి. "మావా, కత్తి ఎత్తినాడా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తొక్కేసేవారు. తను ఎప్పుడూ చూడకుండా చెప్పలేదన్న ఒక్క గొప్పా ఆ ఒక్కరోజులో పోయింది.

సాయంత్రం బొమ్మ పడింది. అందులో కత్తి లేదు. ఫైటు లేదు. రుద్రదేవ్ తలకి రంగెయ్యకుండా, వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ముసలాడిలా వేశాడట. అభిమానులు తెచ్చిన కాగితం ముక్కలు ఎక్కడ విసరాలో తెలియక జేబుల్లోనే పెట్టుకుని ఇంటికి పోయారు.

మర్నాడు సన్యాసిరావు తనే హేమంత్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. సోడా తాగలేదు. నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు.

"నిన్న నాను సూడకుండా సెప్పినాను. తప్పు నాదే. అందులో కత్తి లేదు. ఫైటు లేదు. అవేటీ లేవు. అయినా సినిమా బాగుంది. ఇన్నేళ్ళకి మా ఓడు యాక్షన్ సేసినాడు. నన్ను నమ్మకపోతే మానండి, సినిమా సూడండి."

ముప్పై ఏళ్ళలో అంత కష్టపడి ఎవరూ నా ముందు మాట్లాడలేదు. హేమంత్ "సూపర్ బాబాయ్" అన్నాడు. ఇంటికెళ్ళి, "కత్తి లేదు, ఫైటు లేదు, అవేటీ లేవు" అన్నంతవరకు ఉంచి మిగతాది కోసేశాడు. పైన పెద్దక్షరాలు పెట్టి, పెళ్ళాం ముందు మురిసిపోతూ చదివాడు: "అధ్యక్షుడే చేతులెత్తేసిన సినిమా!" ఆ వీడియోకి అంతకు ముందెన్నడూ రానంత మంది వచ్చారట. నేను పక్కన బల్ల మీదే ఉన్నాను. పేరుకి మైకునే, అయినా ఒకరు మాట్లాడితే గానీ నాకు మాట రాదు కదా.

తప్పు ఒప్పుకున్న మాట కూడా అబద్ధమై ఊరేగింది. ఇంకేం చెప్తాడాయన? కొట్టు తలుపు సగం దింపి కూర్చున్నాడు. బుధవారం వచ్చేసరికి హాల్లో పట్టుమని పది మంది లేరు. శుక్రవారం కొత్త సినిమా. ఆ బుధవారం మ్యాట్నీకి పైడమ్మే ఆయన్ని లేవదీసి తీసుకెళ్ళింది.

ఆట విడిచేసరికి హేమంత్ కొత్త సినిమా కటౌటు వీడియో తీసుకుంటున్నాడు. పైడమ్మ మెట్లు దిగుతుంటే, సరదాకి నన్ను ఆమె మూతి ముందు పెట్టాడు. ముప్పై ఏళ్ళలో ఆ మెట్ల మీద ఆడవాళ్ళ వైపు నన్ను తిప్పడం అదే మొదలు.

"పిన్నీ, టాక్ చెప్పు."

ఆమె నన్ను వేలితో పక్కకి తోసింది. "తియ్యి బావూ. ఇది పట్టుకుంటే మా ఆయన నోటికే నిజం తిన్నగా రాలేదు. నాకొస్తాదా?"

చెంప మీద కొట్టినట్టయింది.  హేమంత్ నవ్వి నన్ను కిందికి వేలాడదీశాడు. పక్కనే ఆటో స్టాండు. సంతనుంచి వస్తున్న ఆడవాళ్ళు అక్కడ ఆటో కోసం నిలబడ్డారు. వాళ్ళలో చేపలమ్మే నూకాలు అడిగింది. "ఏటి వదినా, ఆ ముసలి సినిమాకేటి ఎల్లినావు?"

"ఎల్లినాను నూకాలూ. ఆ ఇస్త్రీ ముసలాడు ఎవరిదో పట్టుచీర కాల్చేస్తాడు. కాల్చేసి, ఆ చీర మడతెట్టి ఒళ్ళో పెట్టుకుని, చీకటి పడేదాకా బండి దగ్గరే కూకుంటాడు. ఆళ్ళింటికి ఎల్లలేడు, తన ఇంటికి పోలేడు. అంతే. ఒక్క మాట ఆడడు."

"ఓలమ్మా, అంతేనా?"

"మా పెళ్ళైన కొత్తల్లో ఈయన ఒకామె జాకెట్టు గుడ్డ తప్పు కోసీసి, అలాగే కూకుండిపోయినాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. నాకదే గురుతొచ్చింది. పక్కకి తిరిగి సూస్తే, ఈయన ఏడుస్తన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈయనతో సినిమాలకెల్తన్నాను గానీ, ఈయన సినిమా సూడ్డం ఇయ్యాలే సూసినాను. ఎప్పుడూ తెర ముందు గెంతడమే కదా, సూసిందెప్పుడు!"

ఆడవాళ్ళు నవ్వారు. ఆటో వచ్చింది. ఇద్దరు ఎక్కారు. నూకాలు ఎక్కలేదు. గంప కింద పెట్టిన చప్పుడు విన్నాను. నాలుగడుగులు నడిచి సన్యాసిరావు దగ్గర ఆగింది.

"మావా, మీ ఆడది సెప్పింది నిజవేనా?"

ఆయనేమన్నాడో నాకు వినపడలేదు. తలూపాడేమో. ఇన్నేళ్ళ నా బతుకులో నాకు అందని టాక్ అదొక్కటే.

వినిపించింది మాత్రం నూకాలు గొంతు, టికెట్టు కిటికీ దగ్గర్నుంచి.

"బావూ, ఫస్ట్ షోకి రెండియ్యి. మా అత్తని కూడా తీసుకొస్తాను."