సుద్దముక్క గడప

మా వార్డులో నన్ను యమున అని ఎవరూ పిలవరు. రోగులకు నేను ఆటల మేడంని, డాక్టర్లకు ఆక్టివిటీని. "ఆక్టివిటీని రమ్మనండి" అంటారు, ఏదో మిషన్‌ను తెప్పిస్తున్నట్టు. వరంగల్‌లోని ఈ మానసిక రోగుల వార్డులో ఆరేళ్లుగా నా పని ఒకటే. పది నుంచి పన్నెండు దాకా ఇరవై మందిని హాల్లో కూర్చోబెట్టి, వాళ్లతో కలిసికట్టుగా ఏదో ఒకటి చేయించాలి. ప్రతి సోమవారం వారానికి సరిపడా పట్టిక రాయాలి. ఏ రోజు ఏ పని, దాని లక్ష్యం ఏమిటి, ఏ సామాను కావాలి. కత్తెర కూడదు, తాడు కూడదు, గాజు కూడదు. అన్నీ తీసేస్తే మిగిలేవి దూది, కాగితం, సుద్దముక్క.

బుధవారం నాటకం. స్టేజీ, వేషాలూ ఏమీ ఉండవు. ఇంటికి వెళ్లబోయే రోగికి ఇల్లు చేరడం ముందుగా అలవాటు చేయిస్తాం, అంతే. కుర్చీలు వరుసగా వేస్తే రైలు. నేల మీద సుద్దముక్కతో గడప, అర్ర, వంటిల్లు గీస్తే ఇల్లు. మిగతా రోగులే భార్యలు, అన్నదమ్ములు, ఇరుగుపొరుగు.

మొన్న ఆగస్టులో ఆ నాటకం యాకయ్య కోసం మొదలుపెట్టాను. నలభై అయిదేళ్ల మనిషి, నెక్కొండ పక్క ఊళ్లో పత్తి కూలీ. నాలుగేళ్ల కింద మతి చెదిరి ఇల్లు వదిలాడు. రెండేళ్లు ఎక్కడ తిరిగాడో తెలియదు. పోలీసులు తెచ్చి మా దగ్గర చేర్చాక కూడా చాలా కాలం తన పేరు చెప్పలేదు. మందులు పనిచేసి, ఈ వేసవిలో పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, భార్య పేరు భవాని అని చెప్పి రోజంతా ఏడ్చాడు. ఇప్పుడు బాగున్నాడు. కానీ సెప్టెంబరు నెలాఖరులోగా ఇంటివాళ్లు తీసుకెళ్లకపోతే అతన్ని నిరాశ్రయుల హోముకు పంపాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆ హోముకు వెళ్లినవాడు తిరిగి ఇల్లు చేరాడని నేను ఇంతవరకు వినలేదు.

నాటకంలో టీసీ చంద్రమౌళి. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసిన పెద్దాయన.

"టికెట్," అనేవాడు యాకయ్య ముందు నిలబడి.

యాకయ్య ఉత్త చెయ్యి చూపించేవాడు.

"ఇది నిన్నటిది. దిగు."

"పోనీయండి చంద్రమౌళి గారూ," అంటే నా మీదికి తిరిగేవాడు.

"రూల్ రూలే మేడం. మీ టికెట్ గూడ చూపియ్యుండ్రి."

భార్య వేషం మొగిలమ్మది. ఆమెను చూడడానికి ఎవరూ రాక ఏళ్లయింది, కానీ పెళ్లాం వేషం మాత్రం ఇంకొకరికి ఇవ్వనిచ్చేది కాదు. నేను రాసిచ్చిన మాటలు ఒక్కటీ అనేది కాదు. "ఇన్నొద్దులు ఏడవోయినవయా? కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త" అని గీత దాటి వచ్చి, అతని చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయేది. ఆమె లాగితే గాని యాకయ్య గీత దాటేవాడు కాదు. అయిదు బుధవారాలు అదే తంతు. ఆరో బుధవారం తనంతట తానే దాటి, "భవానీ, వచ్చిన" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఫైల్లో 'లక్ష్యం నెరవేరింది' అని రాసి కింద రెండు గీతలు గీశాను.

"ముందు మీరొక్కరే వెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడి రండి యమునా," అన్నారు డాక్టర్ సుదర్శన్. "అతన్ని తర్వాత తీసుకెళ్దాం."

అది ఎప్పుడూ ఉన్న పద్ధతే. నేను తలూపాను గాని పాటించలేదు. యాకయ్యకు గుర్తున్న అన్న ఫోన్ నంబరు పనిచేయడం లేదు, నెలాఖరు దగ్గర పడింది, రెండుసార్లు తిరగడానికి టైం లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. నా నాటకం నిజమైన గడప దగ్గర జరిగితే కళ్లారా చూడాలని ఆశ. పొగరు అన్నా ఒప్పుకుంటాను.

ఎంగిలిపూల బతుకమ్మ రోజు ఎంచుకున్నాను. ఆ రోజు ఎవరూ చేనుకు పోరు, ఇంటిల్లిపాదీ ఉంటారు, పూలు, పాటలు, అందరి మనసులూ మెత్తగా ఉంటాయి. మాది హనుమకొండలో బట్టల దుకాణం. మా ఇంట్లో నాన్న పొద్దున్నే పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చేస్తే అమావాస్య తంతు అయిపోతుంది. తర్వాత రోజంతా మాకు పూలే.

తోడుగా మా వార్డు ఆయా పూలమ్మ వచ్చింది. రైల్లో నా చెవి దగ్గరికి వంగింది.

"మేడం, ఇయ్యాల పెత్రమాస. సచ్చినోళ్లకు పెట్టుకునే దినం. గీ దినం తోల్కపోతానమా?"

"బతుకమ్మ కూడా కదా పూలమ్మా," అన్నాను.

ఎదుటి సీట్లో యాకయ్య ఒళ్లో బంతిపూల పొట్లం ఉంది. భవాని బతుకమ్మ పేరుస్తది అని స్టేషన్ బయట అడిగి కొనిపించుకున్నాడు.

నెక్కొండలో దిగి ఆటోలో ఊరు చేరేసరికి ఇంటి తలుపు తీసే ఉంది. గడపకు ఎదురుగా గోడకు ఒక ఫోటో, దానికి బంతిపూల దండ. ఫోటో ముందు విస్తరిలో అన్నం, మాంసం కూర, గారెలు. పక్కన గ్లాసులో కల్లు. వాళ్ల నాన్న ఫోటో అనుకున్నాను. మీసాలున్నా, వయసు తక్కువున్నా, ఆ ముఖం యాకయ్యదని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అతనికి పట్టలేదు. గడప ముందు ఆగిపోయాడు.

వంటింట్లోంచి భవాని చెంబుతో వచ్చింది. బోసి నొసలు, బోసి చేతులు. అతన్ని చూసి అరవలేదు. నిలబడ్డ చోటే కూలబడింది.

పెరట్లోంచి వచ్చిన అన్న మహిపాల్‌కు నేను ఎవరో, ఏం జరిగిందో చెప్పాను. విని అరుగు మీద కూర్చున్నాడు.

"కాజీపేట కాడ పట్టాల మీద దొరికిండు మేడం మాకు. మొఖం లేదు. అంగి చూసి మా తమ్ముడే అని చెప్పిన. నేనే కొరివి పెట్టిన."

"అది ఇంకెవరో. ఇతను బాగయ్యాడు. మందులు వేసుకుంటే చాలు."

"నా తమ్మున్ని నేను గుర్తువట్టనా మేడం," అని కండువాతో ముఖం కప్పుకున్నాడు. చాలాసేపు ఏడ్చి, గొంతు తగ్గించాడు. "వీని బిడ్డకు సంబంధం వచ్చింది. తండ్రి సచ్చిపోయిండంటె పాపమన్నరు. పిచ్చి దవాఖానల ఉన్నడంటె ఏమంటరు? మీరే చెప్పుండ్రి."

నేను అరగంట చెప్పాను. ఇది జబ్బే గాని శాపం కాదన్నాను, చట్టం అన్నాను, హోము అన్నాను. ఆయన చేతులు జోడించి వింటూనే ఉన్నాడు. ఆ మధ్యలో భవాని లేచింది. ఫోటో ముందున్న విస్తరినీ గ్లాసునూ ఎత్తుకొని, గడప దాటి వచ్చి, యాకయ్య ముందు నేల మీద పెట్టింది. వంగి ఏదో అంది. నేను మహిపాల్‌తో వాదిస్తూ వినలేదు. యాకయ్య కూర్చుని తిన్నాడు. ఒక్క మెతుకు మిగల్చలేదు. కల్లు ముట్టలేదు, మందుల మీద తాగొద్దని చెప్పింది నేనే. చెయ్యి కడుక్కొని, పూల పొట్లం గడప మీద పెట్టి, మాకంటే ముందే ఆటో ఎక్కాడు.

వార్డుకు తిరిగి వచ్చాం. డాక్టర్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. 'కుటుంబం అంగీకరించలేదు' అని రాసి సంతకం పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ముందు ఒక్కదాన్నే వెళ్లి ఉంటే మహిపాల్ మాట నా ఒక్కదాని చెవినే పడేది. యాకయ్య తన దండ తాను చూసేవాడు కాదు.

తర్వాతి బుధవారం పట్టికలో నాటకం కొట్టేసి, దూది వత్తులు అని రాశాను. అందరూ దూది ముందు కూర్చున్నారు. యాకయ్య నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"సుద్దముక్క ఇయ్యుండ్రి మేడం. ఇయ్యాల నాటకం ఉంటది గదా."

ఇచ్చాను. తనే వంగి ఇల్లు గీశాడు. గడప, అర్ర, వంటిల్లు.

"ఇయ్యాల నేను భవానిని," అన్నాడు.

"మరి యాకన్న ఎవరు?" అంది మొగిలమ్మ.

అతను నన్ను చూపించాడు.

కుర్చీల రైలెక్కాను. చంద్రమౌళి నా ముందు నుంచే నడిచి వెళ్లాడు గాని టికెట్ అడగలేదు. దిగి గీత ముందు నిలబడ్డాను. మొగిలమ్మ అలవాటుగా వచ్చి నా చెయ్యి పట్టి లోపలికి లాగబోయింది. యాకయ్య ఆమెను మెల్లగా పక్కకు జరిపాడు. వార్డు స్టీలు పళ్లెం ఒకటి తెచ్చి, గీత దాటి, నా కాళ్ల ముందు పెట్టాడు. తలెత్తలేదు. కొంగు సర్దుకున్నట్టు భుజం మీద చెయ్యి వేసుకున్నాడు.

"జల్ది తిని పో," అన్నాడు భవాని గొంతుతో, నెమ్మదిగా. "మల్లొచ్చే పెత్రమాసకు పెడ్త."

పళ్లెంలో ఏమీ లేదు. నేను తినేదాకా అతను అక్కడి నుంచి కదిలేలా లేడు. కింద కూర్చుని, ఉత్త చెయ్యి నోటి దాకా తీసుకెళ్లాను. మళ్లీ తీసుకెళ్లాను. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.