లావు లెన్స్ మూల

వాచీల మేస్త్రికి శనివారం దాకే గడువు. కెమెరాలు బాగుచేసే బావమరిది రెండు వైడ్ లెన్సులు చేతిలో పెట్టి, "వాడి చూడు బావా. నచ్చింది ఉంచుకుని రెండోది పట్రా" అన్నాడు. రెండూ ఫ్లాష్ లేకుండా మసక వెలుతురులో పనిచేసేవే. ఒకటి సన్నం. రెండోది జాడీ అంత లావు, వెలుతురు ఇంకాస్త ఎక్కువ లాగుతుంది.

ఆయనకు కావలసింది ఒక్కటే, భార్య నవ్వే ఫొటో. "అమ్మది ఒక్కటి పంపు నాన్నా, గోడకు పెట్టుకుంటా" అని కూతురు ఏడాదిగా ప్రాణం తీస్తోంది. ఇల్లెగిరిపోయేలా నవ్వే మనిషి, కెమెరా కనబడితే చాలు, గుర్తింపు కార్డు కోసం కూర్చున్నట్టు కొయ్యబారిపోతుంది.

ఆవిడ బట్టలు కుట్టే గది అగ్గిపెట్టెంత. ఒకటే బల్బు. సన్నదానితో ఆరు తీశాడు, ఆరింట్లోనూ కొయ్యబొమ్మే. లావుది బిగిస్తే ఇంకో తంటా. కెమెరాకు కన్ను ఆనించి చూసే కిటికీలో కుడివైపు కింది మూలను లెన్సే కప్పేసింది. సరేలే, అంచులెలా ఉంటాయో చూద్దామని దారపుకండెల అరకి గురిపెట్టాడు.

"నేను పడతానా?" ఆ మూలలోనే స్టూలు మీదున్న ఆవిడ అనుమానంగా అడిగింది.

"లెన్స్ అడ్డొచ్చింది. నువ్వు కనబడితే కదా పడటానికి!"

"హమ్మయ్య!"

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఈ కెమెరాలో కన్ను చూసేది పక్క కిటికీలోంచి, ఫిల్ము చూసేది లెన్స్‌లోంచి అని తన కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పే పెద్దమనిషి, తీరా సమయానికి ఆ సంగతే మరిచాడు. దారపుకండెల కోసం ఒంటికాలి మీద వంగిన మొగుణ్ని చూసి ఆవిడ పగలబడి నవ్వింది.

"నవ్వకే, చెయ్యి కదిలిపోతోంది!" అని కసిరాడు కూడా.

శనివారం బావమరిది ఫొటోలు బల్ల మీద పరిచాడు. "సన్నదే తీసుకో బావా. లావుదాంట్లో అంచులు మసకబారాయి. ఇదిగో, ఈ మూల..." అంటూ ఆగిపోయాడు.

మూలలో అక్క. ఒళ్లో గుండీల డబ్బా, పళ్లన్నీ బయటే. పక్క ఫొటోలోనూ అక్కే. లావుదాంతో తీసిన పదకొండింట్లోనూ.

మేస్త్రి కళ్లు చెమర్చాయి. "సన్నది నువ్వే ఉంచుకో" అన్నాడు.

ఇంట్లో ఆవిడ విరుచుకుపడింది. "పడనన్నారుగా! మోసం!" అంటూనే ఒక ఫొటోను బల్బు కిందికి పట్టుకెళ్లి చాలాసేపు చూసింది.

"నేనిలా నవ్వుతానా?"

"ఇరవై ఏడేళ్లుగా. అదీ నన్ను చూసే."

మర్నాడు ఆయన కెమెరా తీయగానే, ఆవిడ స్టూలును జానెడు ఆ మూల వైపుకు జరుపుకుంది.

"ఆ లావుదే బిగించారా?"

"ఆ."

"ఇక్కడైతే కనబడను కదూ?"

మేస్త్రి కిటికీకి కన్ను ఆనించాడు. "ఒట్టు. అస్సలు కనబడట్లేదు."

ఆవిడ అప్పటికే నవ్వడం మొదలుపెట్టింది.