వేలు కింద పడ్డ మాట

రాజలింగు పొద్దున్నే కళ్లు మూసుకుని బైబిలు తెరిచేవాడు. వేలు ఎక్కడ పడితే ఆ రోజుకి అదే దేవుడి హుకుం. మంచి మాట పడితే బొగ్గుబాయికి పోవడం, చెడ్డది పడితే ముసుగుతన్ని పడుకోవడం. చిలక జోస్యం మానుకుని క్రీస్తు దగ్గరికి వచ్చిన ఆ కార్మికుల ఇళ్ల లైన్లలో చాలామందిది ఇదే అలవాటు. చిలక పోయి వేలు వచ్చింది, అంతే తేడా.

నయాపైసలు వచ్చిన ఏడాది గనిలో పైకప్పు కూలి, పక్కనే బొగ్గు కొడుతున్న అంబదాస్ చనిపోయాడు. అప్పటినుంచి రాజలింగుకు ఈ అలవాటు పిచ్చిగా ముదిరింది. నాగాలు పెరిగాయి. ఇంకొక్క నాగా అయితే పేరు కొట్టేస్తారని, గనిలో హాజరు చూసే సర్దార్ నిన్ననే చెప్పి పోయాడు. పేరు పోతే కంపెనీ ఇల్లూ పోతుంది. నిండు చూలాలైన భార్య సారక్క ఎక్కడికి పోవాలి?

ఆ పొద్దున వేలు పడ్డచోట, భూమి నోరు తెరిచి వాళ్లను మింగేసిందని ఉంది.

రాజలింగు మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను పోను. ఇగ దేవుడే చెప్పిండు."

సారక్కకు ఒళ్లు మండింది. ఇంటింటికీ వచ్చి బైబిలు చదవడం నేర్పే బైబిలమ్మ దగ్గర అక్షరాలు కూడబలుక్కుని, రోజూ ఒక అధ్యాయం వరుసగా చదువుకుంటున్న మనిషి ఆమె. కూర్చుని వినమంటే మొగుడు నవ్వేవాడు. ఇవాళ అతను తప్పించుకోకుండా తలుపు మూసి, దానికే ఆనుకుని కూర్చుంది.

"ఎవలను మింగిందో సదివినవా?"

"ఎవలైతేంది? మింగింది గదా!"

"పంచాయితీల నడుమ జొచ్చి, ఒక్క మాట ఇని తీర్పు చెప్తరా? మొదటి సంది సదువుత. ఇని పో."

నిజానికి ఆమె ఇంకా సువార్తలు దాటలేదు, పాత నిబంధన జోలికే పోలేదు. ఈ కథ ఎటు పోతుందో ఆమెకూ తెలియదు. భయపడుతూనే చదివింది. మోషే పెద్దరికం మీద తిరగబడ్డవాళ్లట వాళ్లు, పొట్టకూటికి భూమిలోకి దిగినవాళ్లు కారు. ఆమె అక్కడితో ఆపలేదు. తెగులు వచ్చి జనం రాలిపోతుంటే, మోషే అన్న, ముసలి అహరోను ధూపం పట్టుకుని ఉరికి, చచ్చినవాళ్లకూ బతికున్నవాళ్లకూ నడుమ నిలబడ్డాడు. తెగులు ఆగింది.

"మల్లొకసారి సదువు" అన్నాడు రాజలింగు.

చదివింది. అతను మోకాళ్లలో తల పెట్టుకుని భోరున ఏడ్చాడు. "అంబదాస్ నన్ను పిలిచిండే. నేను ఉరికొచ్చిన. నిలవడలే. దేవుడు నాకేం శిచ్చ రాసిండో అని రోజూ గా బైబిల్ల ఎతుకుతున్న."

ఇన్ని నెలలు ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగాడా అని సారక్క గుండె చెరువైంది. వీపు మీద చెయ్యి వేసింది. "రోజూ నాతోని కూసో. ఆయన మాట పూరాగ ఇను. సగం మాటకే నీకు నువ్వు శిచ్చ ఏసుకోకు."

సైరన్ కూసింది. రాజలింగు కళ్లు తుడుచుకుని లేచాడు.

"ఇయ్యాల కప్పు కూలదని గండ్ల ఉన్నదా?"

ఉందనాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. "లేదు" అంది. "గట్లని యాడా లేదు."

అతను తల ఊపి, టోపీ పెట్టుకున్నాడు. గడప దాటి ఆగాడు. "గా కథల దీని ఎనుక ఏమున్నదే?"

"నాకు తెల్వదు. నువ్వచ్చినంక ఇద్దరం సదువుదాం."

"నేనచ్చేదాక బైబిలు తెరవకు" అని చెప్పి, రాజలింగు బాయి దారి పట్టాడు.