రాయి కింద బొగ్గు

ఉపగ్రహం సాయంతో చోటు కొలిచే రోవర్ కర్రను నూట పన్నెండో సర్వే రాయి మీద ఆనించి, కదలకుండా పట్టుకున్నాడు ఓబన్న. సర్వేయరు కృపమణి చేతిలోని ట్యాబులో అంకెలు తిరిగి ఆగాయి. అక్షాంశం, రేఖాంశం, సమయం పది గంటల నాలుగు నిమిషాలు.

"ఈ రాయి ఈడిది కాదు మేడమ్," అన్నాడు ఓబన్న.

ఓర్వకల్లు చుట్టుపక్కల ముప్పై నాలుగేళ్లు సర్వే గొలుసు మోశాడతను. కుడి భుజం కిందికి జారింది. ఉద్యోగం పర్మనెంటు కాలేదు. గొలుసు పోయాక కూలికి ఈ కర్ర పట్టుకుంటున్నాడు. 1991లో ఈ రాయిని పాతింది అతనే, ఇక్కడికి పన్నెండు గజాలు పడమర. కిందటేడు ట్రాక్టరు తగిలి పడిందని పక్క పొలం శేషన్న మనుషులు ఇటు జరిపి పాతారు. ఇటు పొలం భీమక్కది. రాయిని వెనక్కి పాతించమని సర్వే ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది. ఆమెకున్నది రెండెకరాలు, ఒక బోరు. ఈ రాయే హద్దయితే ఆ బోరు శేషన్నదవుతుంది.

రెండు గంటలకు ఊరి పటం లాక్ అవుతుందని, ఆ తర్వాత గీత మార్చలేమని, ఆలోగా రుజువు చూపమని కృపమణి చెప్పింది.

కారు నీడలో కుర్చీ వేసుకున్న శేషన్న నవ్వాడు. "ఏమప్పా ఓబన్నా, పైనుంచి ఉపగ్రహం చూస్తాంటే నువ్వేం చూపిస్తావు?"

"అది రాయి యాడుండాదో చెప్తాది. ఎవరు జరిపినారో చెప్పదు."

గొలుసు మోసేవాళ్లు రాయి పాతే ముందు గుంతలో పిడికెడు బొగ్గు వేసేవారు. బొగ్గు కుళ్లదు. రాయిని జరిపేవాడు దాని అడుగున వెతకడు.

ఓబన్న పన్నెండు గజాలు పడమరకు నడిచి, ఎండలోనే గడ్డపారతో తవ్వాడు. మొదటి గుంతలో మూరెడు ఎర్రమన్ను, దాని కింద గరుసు, ఆ కింద సుద్ద విడివిడిగా కనిపించాయి. అక్కడ ఎవరూ తవ్వలేదని అర్థం. ఓబన్న రెండడుగులు జరిగాడు. ఈసారి మూడు పొరలూ కలిసిపోయి వచ్చాయి. ఒంటిగంటా నలభైకి గడ్డపార మొనకు నలుపు అంటింది.

కృపమణి బొగ్గును అరచేతిలో పెట్టుకుని చూసింది. ఫొటో తీసింది. అంతలో ఫోన్ మోగింది. అవతలి మనిషికి నాలుగుసార్లు సరే సార్ అని, బొగ్గును కింద పెట్టింది.

"ఇందులో దీనికి ఆప్షన్ లేదు ఓబన్నా. అప్పీలు పెట్టుకోమని భీమక్కకు చెప్పండి," అని, జరిపిన రాయినే హద్దుగా ట్యాబులో నొక్కింది. రెండు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి.

ఓబన్న రోవర్ కర్రను ఆమె కాళ్ల దగ్గర పడుకోబెట్టాడు.

"ఇన్నేండ్లలో దొంగరాయి మీద కర్ర పట్టింది ఈ పొద్దే మేడమ్. మీ గీతలో నా చెయ్యి గూడా ఉండాది. రేపట్నుంచి నన్ను పిలవొద్దండి."

గడ్డపారను బొగ్గు దొరికిన గుంత గట్టున రెండు చేతులతో నిలువుగా దిగేసి, పక్కనే కూర్చున్నాడు. శేషన్న కారు వెళ్లింది. కృపమణి స్కూటీ వెళ్లింది. భీమక్క చెంబుతో నీళ్లు తెచ్చి, "తాగన్నా," అంది. రెండోసారి అంది. భుజం మీద చెయ్యి వేస్తే ఓబన్న పక్కకు ఒరిగాడు.

ఆటోలో తీసుకెళ్లారు. కర్నూలు ఆసుపత్రిలో వడదెబ్బ మరణం అని రాశారు.

గడ్డపారను ఎవరూ పీకలేదు. పొద్దు వాలేసరికి దాని నీడ తూర్పుకు సాగి, భీమక్క బోరు గొట్టాన్ని తాకింది.